పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్‌కు కోచ్‌గా మొదటి సీజన్: తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

జూన్ నెలాఖరులో లీగ్ నుంచి ఈమెయిల్ వస్తుంది. మీ అబ్బాయి జట్టుకు కోచ్ దొరకలేదు, ఎవరూ ముందుకు రాకపోతే జట్టు రద్దవుతుంది అని. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా ఊళ్లో నేను దానికి సరేనన్నప్పుడు నాకు తెలిసిన ఫుట్‌బాల్ అంతా టీవీలో చూసిందే. చిన్నప్పుడు ఆడింది క్రికెట్, చెడుగుడు. మెడలో ఈల పడ్డాక మూడు వారాల పాటు రాత్రిళ్లు కూర్చుని కంప్యూటర్‌లో 42 వ్యూహాలు గీశాను, రంగులు వేసి, బాణాలు పెట్టి మరీ. మొదటి మ్యాచ్‌లో బంతి అందించే సెంటర్ చేతి నుంచి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి అందక ఆరుసార్లు నేలపాలయింది. బంతి చేతికే రానప్పుడు వ్యూహం 42 అయితేనేమి, 4 అయితేనేమి?

అలాంటి ఈమెయిల్‌కు సరేనని, ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతున్న వారికోసం ఇది రాస్తున్నాను. 8 నుంచి 12 ఏళ్ల పిల్లలే నా దృష్టిలో ఉన్నారు. ఇన్ని సీజన్లలో నాకు తేలింది ఏమిటంటే, కోచ్ కన్ను రెండు చోట్ల ఉండాలి. పిల్లవాడి తల ఎటు ఉంది? పిల్లవాడు వరుసలో ఎంతసేపు ఊరికే నిలబడ్డాడు? ఈ రెండూ సరిపడితే గెలుపోటముల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు తేల్చుకోవలసింది: ఫ్లాగా, ట్యాకిలా?

ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో ఎవరూ ఎవరినీ పడగొట్టరు. నడుముకు కట్టుకున్న పట్టీ నుంచి వేలాడే రిబ్బన్‌ను లాగేస్తే పరుగు ఆగినట్టే. ఎక్కువ లీగుల్లో జట్టుకు ఐదుగురు ఆడతారు, హెల్మెట్లు ఉండవు, ఖర్చు తక్కువ. అమ్మాయిలు పెద్ద సంఖ్యలో వస్తున్నారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కూడా ఈ ఆట ఉంది. ట్యాకిల్ ఫుట్‌బాల్ టీవీలో కనిపించేది: జట్టుకు 11 మంది, హెల్మెట్లు, షోల్డర్ ప్యాడ్లు, ఢీకొట్టడాలు, పట్టి పడగొట్టడాలు.

పిల్లల ఫుట్‌బాల్ లీగులు నడిపే, 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టిన పాప్ వార్నర్ సంస్థే ఈ ఢీకొట్టడాల విషయంలో ఎంత వెనక్కి తగ్గిందో చూడండి. 2012లో సాధన సమయంలో ఢీకొనే భాగాన్ని మూడో వంతుకు కుదించింది. ఇద్దరు పిల్లలను మూడు గజాలకు మించిన దూరంలో నిలబెట్టి పూర్తి వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించడాన్ని నిషేధించింది. 2016లో చిన్న వయసు విభాగాల్లో, బంతిని తన్ని ఆట మొదలుపెట్టే కిక్ఆఫ్‌లు తీసేసింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2015లో ఇచ్చిన ప్రకటనలో ట్యాకిల్ లేని లీగులు పెరగాలని కోరింది. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం, 12 ఏళ్లలోపు ట్యాకిల్ మొదలుపెట్టిన మాజీ ఆటగాళ్లలో ప్రవర్తన, మనోస్థితి సమస్యలు ఎక్కువగా కనిపించాయని చెప్పింది. ఇదే తుది తీర్పు అనను. కానీ పక్కన పెట్టేయదగ్గ మాట కూడా కాదు.

నన్నడిగితే పదేళ్ల వరకూ ఫ్లాగ్ చాలు. ఆలస్యమైపోతుందేమో అన్న భయం అనవసరం. టెక్సస్‌లో బడి జట్లు మొదలయ్యేదే ఏడో తరగతిలో. క్వార్టర్‌బ్యాక్‌లలో దిగ్గజం టామ్ బ్రేడీ అంతటివాడు హైస్కూలుకు వెళ్లేదాకా ట్యాకిల్ ఆడలేదు. ఇంత చెప్పిన నేను మా వాణ్ని పదకొండో ఏట ట్యాకిల్‌కు పంపాను, స్నేహితులంతా అక్కడే ఉన్నారని. కాబట్టి కింద రాసినదంతా ముఖ్యంగా ట్యాకిల్ జట్టు గురించి. ఫ్లాగ్ కోచ్‌లు ట్యాకిల్ భాగం వదిలేసి మిగతాది వాడుకోవచ్చు.

మైదానంలోకి దిగేముందు

నేపథ్య విచారణకు సంతకం చేయమంటారు, చేయండి. తలకు తగిలే దెబ్బల గురించి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారి ‘హెడ్స్ అప్’ శిక్షణ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంటుంది. లీగ్ అడగకపోయినా పూర్తి చేయండి. యూఎస్ఏ ఫుట్‌బాల్ సంస్థ కోచ్ ధ్రువీకరణ చాలా లీగుల్లో తప్పనిసరి. సీపీఆర్ నేర్చుకుని ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ ఎవరో ఒకరు గుర్తు చేసేవే. గుర్తు చేయనిది ఒకటుంది: అత్యవసర పథకం. ఒక అట్టముక్క మీద మైదానం చిరునామా, అంబులెన్సు ఏ గేటు నుంచి రావాలి, ఆ గేటు తాళం ఎవరి దగ్గర ఉంది, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఎక్కడ ఉంది, 911కు ఎవరు ఫోను చేయాలి, గేటు దగ్గర ఎవరు నిలబడాలి అన్నవి రాసి సంచిలో పెట్టుకోండి. పార్కు మైదానాలకు సరైన చిరునామాయే ఉండదు. కంగారులో ‘స్కూలు వెనకాల’ అని చెప్పి ఊరుకుంటాం.

తల్లిదండ్రులతో మొదటి సమావేశం

అరగంట చాలు. ఎవరెవరు ఎంతసేపు ఆడతారో మొదటి రోజే చెప్పేయండి. చాలా లీగుల్లో ప్రతి పిల్లవాడూ మ్యాచ్‌లో కనీసం కొన్ని ప్లేలైనా (బంతి కదిలి ఆగేదాకా ఒక ప్లే) ఆడాలన్న నియమం ఉంటుంది. మీ లీగ్ సంఖ్య కనుక్కుని, దానికి కొంచెం ఎక్కువే మాటివ్వండి. ఫిర్యాదులుంటే మ్యాచ్ అయిన 24 గంటల తర్వాతే మాట్లాడతానని చెప్పండి. ఈ ఒక్క నియమం నన్ను ఎన్ని గొడవల నుంచి కాపాడిందో చెప్పలేను.

మన వాళ్ల ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ‘మా వాడు క్వార్టర్‌బ్యాక్ ఎప్పుడవుతాడండీ?’ అన్నది మొదటిది. ‘ఆదివారం మనబడి తెలుగు క్లాసు ఉంది, శనివారం సంగీతం క్లాసు ఉంది, వారానికి ఒక్కరోజు వస్తే చాలా?’ అన్నది రెండోది. చాలదు. సాధనకు రాని పిల్లవాణ్ని ట్యాకిల్ మ్యాచ్‌లోకి దింపడం ప్రమాదం. శిక్షగా పక్కన పెట్టడం కాదు ఇది, వాడికి పడటం ఇంకా రాలేదని. ఇక తిండి సంగతి. సాధనకు గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో పెట్టమంటాను. మ్యాచ్‌కు ముందు బిర్యానీ తిని వచ్చిన పిల్లవాడు రెండో క్వార్టర్‌లో ఏం చేశాడో ఇక్కడ రాయను.

మీ పిల్లవాడు మీ జట్టులోనే ఉంటాడు కాబట్టి ఇంకో చిక్కు. కోచ్ తన కొడుకునే క్వార్టర్‌బ్యాక్ చేసి అన్ని బంతులూ వాడికే ఇస్తే, దానికి అక్కడ ‘డాడీ బాల్’ అని పేరే ఉంది. ఆ పేరు పడితే ఎన్ని సీజన్లు కోచింగ్ చేసినా పోదు. మొదటి రోజు మా వాడు ‘నిన్ను నాన్నా అనాలా, కోచ్ అనాలా?’ అని అడిగాడు. మైదానంలో కోచ్, కారెక్కితే నాన్న అని ఒప్పందం చేసుకున్నాం. కారులో వాడు ఎత్తితే తప్ప ఆట సంగతి నేను ఎత్తను. నాకు చాలా కష్టంగా ఉంటుంది.

హెల్మెట్ తొడగడం ఒక పని

సామాను పంచే రోజున ఒక్కొక్క పిల్లవాడికి పది నిమిషాలు కేటాయించండి. ముందుగా హెల్మెట్ వెనక భద్రతా ప్రమాణాల సంస్థ నాక్సీ (NOCSAE) ముద్ర, చివరిసారి ఎప్పుడు మరమ్మతు చేసి పరీక్షించారన్న చీటీ చూడండి. పగులు ఉన్నా, చీటీ చిరిగిపోయినా పక్కన పెట్టేయండి.

తొడిగాక ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. చెవి రంధ్రాలు చెవులకు ఎదురుగా రావాలి. దవడ మెత్తలు బుగ్గలకు ఆనాలి, నొక్కకూడదు. గడ్డం పట్టీ నాలుగు వైపులా సమానంగా బిగిసి, గడ్డం మధ్యలో కూర్చోవాలి. అప్పుడు ముందున్న కమ్మీల పంజరాన్ని పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. పిల్లవాడి నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. చర్మం అక్కడే ఉండి హెల్మెట్ జారితే అది వదులు. లోపలి గాలి మెత్తల్లో గాలి నింపి మళ్లీ చూడండి.

ఒకసారి ఇదంతా సరిగ్గా చేసినా, మరుసటి సోమవారం ఒక పిల్లవాడి హెల్మెట్ గుండ్రంగా తిరుగుతోంది. వాళ్లమ్మ ఆదివారం తలకు నూనె పట్టించింది. జుట్టు కత్తిరించుకున్నా ఇంతే, కొలత మారిపోతుంది. అందుకే రెండు వారాలకోసారి అందరివీ మళ్లీ చూస్తాను.

పిల్లలకూ పెద్దలకూ ఒక మాట గట్టిగా చెప్పండి: హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కదలకుండా ఆపలేదు. కంకషన్‌ను, అంటే దెబ్బకు మెదడు అదిరిపోవడాన్ని, నివారించే హెల్మెట్ ఏదీ లేదు.

షోల్డర్ ప్యాడ్లు భుజం చివర దాకా కప్పాలి, చేతులు పైకెత్తినప్పుడు మెడకు గుచ్చుకోకూడదు. మౌత్‌గార్డ్ అదనంగా నాలుగు మీ సంచిలో ఉంచుకోండి, రోజూ ఒకడు మరిచిపోతాడు. బూట్లకు రబ్బరు మేకులే ఉండాలి, ఇనుప మేకులు కూడదు.

ఆగస్టు ఎండ

టెక్సస్‌లో సాధన ఆగస్టులో మొదలవుతుంది. సాయంత్రం ఆరింటికి కూడా మన మే నెలను తలపించే వేడి. అయినా ‘మేం గుంటూరు ఎండల్లో పెరిగాం’ అన్న ధీమా పనికిరాదు, ఎందుకంటే పిల్లలు ఏసీలో పెరిగారు. దానికి తోడు ఒంటి నిండా ప్యాడ్లు, తల మీద హెల్మెట్. చెమట ఆరే దారే ఉండదు.

మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే. తర్వాత షోల్డర్ ప్యాడ్లు కలపండి. ఒక వారం గడిచాకే పూర్తి సామాను. 15, 20 నిమిషాలకోసారి నీళ్ల విరామం, దాహం వేసినవాడు మధ్యలో వెళ్లినా అడ్డుచెప్పవద్దు. నీళ్లు ఆపితే గట్టిపడతారన్న పాతకాలపు కోచ్‌లు ఇంకా కొందరున్నారు. 2001 ఆగస్టులో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ శిక్షణ శిబిరంలో వడదెబ్బతో చనిపోయాడు. అంతటి దేహదారుఢ్యం ఉన్న మనిషే తట్టుకోలేకపోయాడు. ఆయన పేరున కనెటికట్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన సంస్థ నేర్పే సూత్రం ఒకటి మనం కంఠస్థం చేయాలి: ముందు చల్లబరచు, తర్వాత తరలించు. పిల్లవాడు తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, పేరు అడిగితే తడబడినా 911కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోపు ప్యాడ్లు విప్పి మంచునీళ్ల తొట్టిలో మెడదాకా కూర్చోబెట్టండి, తల పైనే ఉండేలా పట్టుకోండి. ఆగస్టంతా నేను కారు డిక్కీలో ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి, నాలుగు సంచుల మంచు తీసుకెళ్తాను. ఇంతవరకూ దాని అవసరం పడలేదు.

90 నిమిషాల సాధన

ఒక చిన్న లెక్క. 18 మంది పిల్లలను ఒకే వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కడికి 15 సెకన్ల చొప్పున ఏదో ఒకటి చేయిస్తున్నారనుకోండి. పది నిమిషాల్లో 40 వంతులు వస్తాయి, అంటే తలకు రెండు. మిగతా తొమ్మిదిన్నర నిమిషాలు వాడు గడ్డి పీకుతూ, ముందున్నవాడి హెల్మెట్ మీద కొడుతూ గడుపుతాడు. అదే 18 మందిని ఆరుగురి చొప్పున మూడు గుంపులు చేస్తే తలకు ఆరేడు వంతులు. కోచ్ తెలివి పెరగలేదు, పిల్లలు మూడింతలు నేర్చుకున్నారు. ఇందుకు ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. గట్టు మీద కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్న నాన్నలను లాగండి. ఆట తెలియకపోయినా పిల్లలు ఢీకొట్టే మెత్తని సంచి పట్టుకోగలరు.

నేను వాడే ప్రణాళిక ఇలా ఉంటుంది. మొదటి పది నిమిషాలు కదులుతూ ఒళ్లు వేడెక్కించడం: మోకాళ్లు ఎత్తి పరుగు, పక్కకు అడుగులు, వెనక్కి పరుగు. ఆ సమయంలోనే సెంటర్లు, క్వార్టర్‌బ్యాక్‌లు పక్కకు వెళ్లి స్నాప్‌లు, అంటే సెంటర్ కాళ్ల మధ్య నుంచి బంతి అందించడం, చేస్తారు. నీళ్లు. తర్వాతి పదిహేను నిమిషాలు మూడు చోట్ల మూడు పనులు: ఒకచోట ట్యాకిల్ పద్ధతి, ఒకచోట బంతి పట్టుకోవడం, ఒకచోట తప్పించుకునే అడుగులు. ఐదు నిమిషాలకోసారి ఈల, గుంపులు మారతాయి. నీళ్లు. ఆపై పావుగంట లైన్‌మన్లు (సెంటర్‌తో పాటు ముందు వరుసలో నిలబడేవాళ్లు) ఒకవైపు, మిగతావాళ్లు ఒకవైపు. నీళ్లు. ఇరవై నిమిషాలు దాడి జట్టు కలిసి ఆడటం. నీళ్లు. పావుగంట రక్షణ జట్టు. చివరి ఐదు నిమిషాలు ఏదైనా సరదా పోటీ, రిలే పరుగో, నాన్నల మీద బంతి విసరడమో. పిల్లవాడు నవ్వుతూ కారెక్కితే గురువారం మళ్లీ వస్తాడు.

ఈ ప్రణాళికను నిమిషాలతో సహా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. సమయం అయిపోగానే, పని సరిగా రాకపోయినా, ముందుకు వెళ్లిపోండి. మధ్యలో పరుగును శిక్షగా వాడకండి. పరుగెత్తడాన్ని ద్వేషించడం నేర్పితే శనివారం వాణ్ని పరుగెత్తించేది ఎవరు?

ట్యాకిల్: తల బయట, భుజం లోపల

చెడుగుడు ఆడినవారికి ఇందులో సగం తెలుసు. కూతకు వచ్చినవాణ్ని పట్టేటప్పుడు కళ్లు వాడి నడుము మీదే ఉంచేవాళ్లం, ముఖం చూస్తే మోసపోతామని. పట్టు తొడలకు వేసేవాళ్లం. తల పక్కకు తప్పించకపోతే మోకాలు ముక్కుకు తగిలేది. ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే, హెల్మెట్ వల్ల పిల్లవాడికి తన తల ఆయుధంలా తోస్తుంది. ఆ భ్రమను తీసేయడమే మన పని.

మోకాళ్ల మీద మొదలుపెట్టండి. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా, పట్టేవాడు ఒక మోకాలి మీద, రెండోవాడు నిలబడి. పట్టేవాడి కళ్లు పైకి, గడ్డం పైకి. దగ్గరి భుజాన్ని ఎదుటివాడి తొడకు ఆనించి, తలను వాడి పిరుదుల వెనకకు జార్చి, రెండు చేతులతో తొడలను చుట్టి బిగించాలి. అంతే. పడేయక్కరలేదు. ఇలా పది కుడి భుజంతో, పది ఎడమ భుజంతో. పిల్లలందరికీ ఒక వైపే అలవాటవుతుంది, రెండోది మీరు పట్టుబట్టి చేయించాలి.

తర్వాత నడకతో. నాలుగు గజాల దూరం నుంచి నడిచి వస్తూ, దగ్గరపడేకొద్దీ అడుగులు చిన్నవి చేసుకోవాలి. ఏ భుజంతో పడుతున్నాడో ఆ వైపు పాదమే ఎదుటివాడికి దగ్గరగా పడాలి. కాలు దూరంగా ఉండి శరీరం ముందుకు వంగిందా, తల కిందికి వాలిపోతుంది. మెడ విరిగే ప్రమాదం ఆ భంగిమలోనే ఉంది. తల వాలడానికి మూలం మెడలో లేదు, ఆ దూరంగా పడిన పాదంలో ఉంది. ‘తల ఎత్తు, తల ఎత్తు’ అని నేను ఒక సీజనంతా అరిచాను. ‘కాలు దగ్గర పెట్టు’ అనడం మొదలుపెట్టిన వారంలో తలలు వాటంతటవే లేచాయి.

ఆ తర్వాతే సంచి, మెత్తని చక్రం, చివరికి మనిషి. యూఎస్ఏ ఫుట్‌బాల్ సంస్థ ఢీకొనడాన్ని ఐదు మెట్లుగా విభజించింది. మొదటి దాంట్లో ఎదుట ఎవరూ ఉండరు. రెండో దాంట్లో సంచి లాంటి మెత్తని వస్తువు. మూడో దాంట్లో మనిషి ఉంటాడు గానీ ఎవరు గెలవాలో ముందే తేలి ఉంటుంది. నాలుగో దాంట్లో తగిలేదాకా పూర్తి వేగం, కానీ ఎవరూ నేలమీద పడరు. ఐదోది మ్యాచ్‌లో లాగా. నా సాధనలు దాదాపు అన్నీ మొదటి మూడు మెట్ల మీదే నడుస్తాయి. ఐదో మెట్టు వారానికి కొద్ది నిమిషాలు, అదీ సమాన బరువు, సమాన అనుభవం ఉన్నవాళ్ల మధ్య.

ఒక తరం కిందట తలను పరుగెత్తేవాడి ముందు నుంచి అడ్డంగా పెట్టమని నేర్పేవారు. అప్పట్లో ఆడిన నాన్న ఎవరైనా సహాయ కోచ్‌గా వస్తే అదే నేర్పబోతాడు. 2014లో సియాటిల్ సీహాక్స్ కోచ్ పీట్ క్యారల్ రగ్బీ తరహా భుజం ట్యాకిల్ వీడియో విడుదల చేశాక చాలామంది మారారు. ఆ నాన్నకు మర్యాదగా ఆ వీడియో చూపించండి. ఇద్దరిని ఇరుకు బాటలో ఎదురెదురుగా ఢీకొట్టించే ‘ఓక్లహోమా డ్రిల్’ పెడదామంటే ఒప్పుకోకండి. 2019లో ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ జట్లకే దాన్ని నిషేధించారు.

స్నాప్: ఎవరూ సాధన చేయించని పని

నా 42 వ్యూహాలను మింగేసింది ఇదే. క్వార్టర్‌బ్యాక్ చేతుల్లో బలం లేదనుకుని నెల రోజులు బంతి నొక్కించాను. ఒక అమ్మ ఫోనులో తీసిన వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే అసలు సంగతి తెలిసింది. బంతి చేతికి తగలకముందే వాడు వెనక్కి బయల్దేరుతున్నాడు.

పద్ధతి ఇది. క్వార్టర్‌బ్యాక్ విసిరే చేతిని పైన, అరచేయి కిందికి ఉండేలా పెట్టి, చేతి వెనక భాగాన్ని సెంటర్ కాళ్ల మధ్య పైకి గట్టిగా ఆనించాలి. ఆ ఒత్తిడే సెంటర్‌కు గుర్తు, బంతి ఎక్కడికి కొట్టాలో. రెండో చేతి బొటనవేలు మొదటి చేతి బొటనవేలికి ఆని, వేళ్లు కిందికి తెరిచి ఉండాలి. సెంటర్ బంతిని కొద్దిగా తిప్పుతూ పై అరచేతికి టప్పున కొట్టాలి. సెంటర్ ఒక అడుగు ముందుకు వేస్తాడు కాబట్టి క్వార్టర్‌బ్యాక్ చేతులు ఆ నడుముతో పాటు ఒక బెత్తెడు ముందుకు వెళ్లి, బంతి దొరికాకే వెనక్కి రావాలి. ఆ టప్పు శబ్దం వినబడాలి. వినబడకపోతే బంతి జారబోతోందని అర్థం.

రోజుకు 25, సీజన్ అంతా. ముగ్గురు సెంటర్లు, ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు, అన్ని జతలూ మారుస్తూ. మ్యాచ్ రోజున ఒకడికి జ్వరం వచ్చి తీరుతుంది. వారానికోసారి బంతిని బకెట్ నీళ్లలో ముంచి చేయించండి, పిల్లలకు పండగ.

వ్యూహాలు ఆరు చాలు

ఆట సూత్రం తెలిసిందే: పది గజాలు దాటడానికి నాలుగు అవకాశాలు. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఉన్నట్టే ఇక్కడా ప్రతి అవకాశం తర్వాత ఆట ఆగుతుంది, అందరూ మళ్లీ సర్దుకుంటారు. పదేళ్లవాడి బుర్రలో ఆ 20, 30 సెకన్లలో పట్టేది ఒక్క విషయం.

లైన్‌లో సెంటర్‌కు కుడివైపు సందులకు సరి సంఖ్యలు, ఎడమవైపు సందులకు బేసి సంఖ్యలు ఇవ్వండి. పరుగెత్తేవాళ్లకూ సంఖ్యలు ఇవ్వండి. ‘34’ అంటే మూడో నంబరువాడు బంతి తీసుకుని నాలుగో సందులోంచి దూరతాడు. ఎక్కువ జట్లు ఈ లెక్కనే వాడతాయి. ఇక ఆరు వ్యూహాలు: మధ్యలోంచి నేరుగా దూరడం, లైన్ చివర నిలబడే ఆటగాడి (ఆ స్థానం పేరు కూడా ట్యాకిలే) పక్కనుంచి దూరడం, బయటినుంచి చుట్టి పరుగెత్తడం, ఒకవైపు వెళ్తున్నట్టు నటించి రెండోవైపు తిరగడం, క్వార్టర్‌బ్యాక్ తానే ముందుకు దూసుకుపోవడం, పక్కకు పరుగెడుతూ చిన్న పాస్ ఇవ్వడం. ప్రతిదాన్నీ కుడి ఎడమలకు తిప్పితే పన్నెండు అయినట్టే. కొత్తది కావాలని పిల్లలు గొడవ చేస్తే, ఉన్నవి కళ్లు మూసుకుని చేయగలిగిన రోజున ఇస్తానని చెప్పండి.

రక్షణలో ఒక్కొక్కడికి ఒక్కొక్క సందు అప్పగించండి. బంతి వెంట అందరూ పరుగెత్తితే అంతా గందరగోళమే. చిట్టచివర నిలబడేవాడి పని మాత్రం వేరు. వాడు మందను దొడ్లోకి మళ్లించే కాపరి లాంటివాడు. పరుగెత్తేవాణ్ని పట్టుకోకపోయినా సరే, తన బయటి భుజాన్ని దాటి పోనివ్వకూడదు, లోపలికి మళ్లించాలి. ఈ వయసులో టచ్‌డౌన్లలో (బంతితో చివరి గీత దాటడం) చాలావరకు ఆ చివరివాడు లోపలికి పరుగెత్తుకొచ్చినప్పుడే పడతాయి. అందుకే అక్కడ వేగమున్నవాడి కంటే మాట వినేవాణ్ని పెడతాను.

బరువున్నవాణ్ని లైన్‌లో, సన్నగా ఉన్నవాణ్ని అంచున పెట్టడం సులువు. కానీ పదేళ్ల లావుపాటి పిల్లవాడు పదిహేనేళ్లకు ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు? ఆగస్టులో అందరినీ అన్ని చోట్లా తిప్పండి. బంతి ఎప్పుడూ ముట్టని లైన్‌మన్‌కు సీజన్‌లో ఒక్కసారైనా బంతి ఇచ్చి పరుగెత్తించండి. ఆ రోజు వాడి ముఖం చూడాలి.

మ్యాచ్ రోజు

ఎవరు ఎన్ని ప్లేలు ఆడారో లెక్కపెట్టే పని ఆట మీద ఉద్వేగం లేని మనిషికి అప్పగించండి. మా జట్టులో ఒక అమ్మమ్మగారు చేసేవారు. ఆమెకు ఫుట్‌బాల్ ముక్క అర్థం కాదు, లెక్క మాత్రం ఎన్నడూ తప్పలేదు. బంతి కదులుతున్నప్పుడు అరవకండి. ఆ సమయంలో పిల్లవాడికి మీ మాట చెవికెక్కదు, మీ కోపం మాత్రం ఎక్కుతుంది. తప్పు చేసినవాడు బయటికి వస్తే ముందు నీళ్లివ్వండి, తర్వాత ఒక్క మాట.

తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే వాడు ఆ రోజుకు బయటే. స్పృహ తప్పనక్కరలేదు. తలనొప్పి, వికారం, చూపు మసకబారడం, వెలుతురు భరించలేకపోవడం, అడిగిందే అడగడం, జవాబు ఆలస్యం కావడం, వీటిలో ఏది ఉన్నా సరే. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం దీన్ని చట్టం చేసింది, 2014 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. ఆరోగ్య నిపుణుడి లిఖితపూర్వక అనుమతి వచ్చాక కూడా తిరిగి ఆట మెట్లు మెట్లుగానే: ముందు బడి, మామూలు పనులు, తర్వాత తేలిక వ్యాయామం, కొంచెం పరుగు, ఢీకొనని సాధన, పూర్తి సాధన, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. పదేపదే వాంతులు, మూర్ఛ, తలనొప్పి ముదరడం, కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా కనిపించడం, లేపితే లేవకపోవడం ఉంటే వెంటనే 911. మెడ నొప్పి అంటే వాణ్ని కదపవద్దు, హెల్మెట్ తీయవద్దు.

ఒక అక్టోబరు శనివారం రక్షణలో లైన్ వెనక నిలబడే మా లైన్‌బ్యాకర్ ఒక ఢీ తర్వాత లేచి, దుమ్ము దులుపుకుని, ఎదుటి జట్టు హడిల్‌లోకి (వ్యూహం చెప్పుకునే గుంపులోకి) వెళ్లి నిలబడ్డాడు. చూస్తున్నవాళ్లు నవ్వారు. నేను బయటికి పిలిచి హెల్మెట్ తీసుకున్నాను. దాన్ని నా చేతిలోనే ఉంచుకున్నాను. హెల్మెట్ వాడి దగ్గర ఉంటే ఎవరి కన్నూ పడకుండా మళ్లీ దిగిపోతాడని అప్పటికే నాకు తెలుసు. వాళ్ల నాన్న కంచె దగ్గరకు వచ్చి, వాడు బాగానే ఉన్నాడు, మ్యాచ్ పోతుంది అన్నాడు. మ్యాచ్ పోయింది. ఆ రాత్రి పదకొండింటికి ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. వాడు వాంతి చేసుకున్నాడట, ఏ ఆసుపత్రికి వెళ్లాలని అడిగాడు. వాడు మూడు వారాలకు తిరిగి వచ్చాడు. వాడి హెల్మెట్‌ను ఆ రోజు మళ్లీ కొత్తగా కొలిచి తొడిగాను. జుట్టు పెరిగింది, ఎడమ దవడ మెత్త మార్చాల్సి వచ్చింది.